కొటేషన్‌ల రాయనివి

బల్లార్షా స్టేషన్ వెనుక గల్లీల
మా ఆఫీసంటే ఒక టేబులు, ఒక టేపు,
గోడకు ఆనించిన రెండు గడ్డపారలు.
బోర్డు మీద మరాఠీల పెద్దగ, తెలుగుల చిన్నగ:
ఇండ్లకు, ఆఫీసులకు
తోటలు గీస్తం, వేస్తం, చూసుకుంటం.
చూసుకుంటం అన్న మాటకే పైసలు తక్కువ.

ట్రాన్స్‌పోర్టు వాసేకర్ సాబ్ ఫోన్ల ఫొటో చూపిండు.
ఏదో హోటలు ముందటి గడ్డి,
దువ్వినట్టు, ఎవడూ తొక్కనట్టు.
"అచ్చం ఇట్లనే. దీపావళి లోపల."
చెప్పులిడిచి ఆయన జాగల నిలబడ్డ.
అరికాలుకు తెల్సిపోయింది:
మీద జానెడు బొగ్గుబూడిద, కింద నల్లరేగడి,
చైత్రం వస్తే చెయ్యి దూరేంత పర్రెలిచ్చే మన్ను.
గడ్డికి రోజుకెన్ని ట్యాంకర్లో లెక్క చెప్పిన.
"తాగనియ్" అన్నడు.

కాగితం మీద చెట్టంటే ఒక గుండ్రం.
నాటిన్నాటి గుండ్రం కాదు,
పదేండ్లకు అది పరుచుకునే గుండ్రం.
సాబ్ కండ్లకు అది ఉత్త ఖాళీ.
"ఇంతింత దూరమేంది, నింపు."
ఖాళీ కాదు సాబ్, మీ డ్రైవర్లు
ఇంకా పండుకోని మంచాలవి
అనలే.
నడుమ నింపనీకి కాగితపు పూలు రాసిన,
ఒక్కొక్కటి ఎనభై రూపాయలు.

రాత్రి రెండింటికి కడియం లారీ వస్తది.
తడి గోనె విప్పితే గుప్పున ఒండ్రుమట్టి వాసన.
డ్రైవరు జంగుబాయిని "ఏమండీ" అంటడు.
గోండు గూడెంల ఆమెను ఎవరూ అట్ల పిలువలే,
వారం దాకా తల్సుకొని నవ్వుతది.
నవ్వుకుంటనే వేలు పెట్టి చూస్తది,
కవరుల వేరు సుడి తిరిగిన మొక్కను
పక్కకు పెడ్తది, మారు మాట్లాడది.
ఈడి వార్ధా నీళ్లు ప్రాణహితల కల్సి
గోదావరిల కల్సి అంత దూరం పోయి
మొక్కలై లారీ ఎక్కి తిరిగొచ్చినయి.
కిరాయి మాత్రం మనమే కట్టాలె.

జాడి ఓదెలు ఇల్లు వేరే కథ.
ముప్పై రెండేండ్లు బాయిల దిగిన మనిషి.
నేను గీసిన ఐదు గుండ్రాలు చూసి
వేలితోని తుడిచిండు, పెన్సిలు కదా,
నల్లగ అంటుకున్నది వేలికి.
దాన్ని కొద్దిసేపు చూసుకొని
"నీడ వద్దు బిడ్డా, శానా చూసిన" అన్నడు.

నలభై ఏడు డిగ్రీల ఊళ్ల
నీడ వద్దన్నోనికి తోటెట్ల గీస్తరు?
మూడు దినాలు ఆయన వాకిట్ల
గంటకో సుద్దగీత గీసి
గోడనీడ ఎటు జరుగుతదో కొల్సిన.
పోరగాండ్లు తొక్కులాట అనుకొని దుంకిండ్రు.
తూర్పంత ఇడిచిపెట్టిన. ఒక్క బండ, చుట్టు గరిక.
పడమటి దిక్కు మూడు కానుగలు,
శాంతక్క జొన్నరొట్టెలు కాల్చే కిటికీకి అడ్డంగ.
తానం నీళ్లు వాటికే పోయేటట్టు కాలువ.
"పొద్దుగాల ఎండ నీది,
పగటీలి ఎండ చెట్టుది. సరేనా?"
గీతల దిక్కే చూసి చూసి
"పంపకం మంచిగున్నది" అన్నడు ఓదెలు,
అన్నదమ్ముల నడుమ పెద్దమనిషి లెక్క.

వాసేకర్ సాబ్ గడ్డి మార్చిల ఎండింది.
మల్ల వేయించిండు. మల్ల ఎండింది.
ఇది గెలుపని చెప్తలేను,
మా కంపెనీకి రెండుసార్లు పని దొరికింది.

రెండో ఏడు సర్వీసుకని ఓదెలు ఇంటికి పోతే
తడిపిన పాత లుంగీ ముక్కతోని
కానుగాకులు ఒక్కొక్కటి తుడుస్తున్నడు.
థర్మల్ బూడిద కింద పచ్చదనం
కడిగిన పలక లెక్క బయటపడుతున్నది.
ఆకులు తుడుచుట
నేను కొటేషన్‌ల రాయలే.

నాలుగింటికి బండ మీద కూసున్నడు.
తువ్వాలంత నీడ
పాకుకుంట వచ్చి బొటనవేలు తాకింది.
కాలు ఎనుకకు తీసుకోలే.

నేను బాకీ పద్దెనిమిది వందలు అడిగిన.
రేపిస్తనన్నడు.