కప్పీ తాడు

కుటాయిసి బజారులో మా అమ్మ సుల్గుని జున్ను అమ్మేది.
జున్ను పెట్టే పళ్లెం అడుగున
మైనంతో అంటించిన సీసం ముక్క,
బొటనవేలి గోరంత.
కిలోకి ముప్ఫై గ్రాములు మావి.
కరెంటు లేని ఆ చలికాలం నా బూట్లు
ఆ ముప్ఫై గ్రాముల్లోంచే వచ్చాయి.

వర్లామ్ తాతకు చూపు లేదు.
చిల్లర వేళ్లతో తడిమి చదివేవాడు.
ఒకరోజు మంచులో కర్ర తాటిస్తూ వెనక్కొచ్చి
"నజీబ్రోలా, ఇరవై తెత్రి ఎక్కువిచ్చావమ్మా,
సాయంత్రం లెక్క తప్పితే నువ్వేడుస్తావు" అని
నాణెం ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

ఆయనకు కనిపించలేదు. నాకు కనిపించింది:
అమ్మ చెవులు, తర్వాత మెడ,
ఉడికిన బీట్‌రూట్ రంగు.
ఎవరూ ఒక్క మాట అనలేదు.
ఆ రాత్రి వంతెన మీంచి రియోనీలోకి
సీసం ముక్క విసిరింది.
చప్పుడు కూడా వినపడలేదు, నది అంత హోరు.
తిరిగొస్తూ ఎందుకో నా టోపీ సరిచేసింది.

సిగ్గంటే అదొక్కటే అయితే
రోజూ చిటికెడు
ఉప్పులా నాలుక మీద వేసుకుందును.

కానీ అదే అమ్మ, అదే చలికాలం,
నేను పక్క తడిపిన ఏడో రాత్రి తెల్లారాక
దుప్పటిని కప్పీ తాడుకు తగిలించి లాగింది.
కిర్రు కిర్రుమంటూ
మూడంతస్తుల ఇళ్ల నడుమ వాకిలి మీదికి పోయింది అది,
మా ఇంటి జెండాలా, మరకతో సహా.
"చూడు మల్ఖాజ్, అందరూ చూస్తున్నారు.
సిగ్గుంటే మానేస్తావు."

మానేశాను.
పక్క తడపడమే కాదు,
మధ్యాహ్నం దాటాక నీళ్లు తాగడం,
బడిలో చెయ్యెత్తడం,
ఎదురింటి ఎతెరిని పేరుపెట్టి పిలవడం.
ముప్ఫై ఎనిమిదేళ్లు నాకు. ఇప్పటికీ మూడింటికి లేచి
చీకట్లో పరుపు తడుముతాను,
వర్లామ్ తాత నాణేలు తడిమినట్టు.

లోపల పుట్టింది చెవుల దాకా వచ్చి చల్లారింది,
బయట తగిలించింది దిగనే లేదు.
ఇంత తేలిగ్గా చెప్పేయొచ్చా? ఏమో.
ఆ రోజు పక్కన నేను లేకపోతే
అమ్మ చెవులు ఎర్రబడేవా అని కూడా అనుమానం.

నిన్న రాత్రి అమ్మ పక్క తడిపింది.
డెబ్భై ఆరు.
గోడవైపు తిరిగి నిద్ర నటించింది.
నేనూ నమ్మినట్టే నటించి దుప్పటి మార్చాను.
ఉతికి, కిటికీ మూసి,
వంటింట్లో పొయ్యి పక్క
రెండు కుర్చీల మీద పరిచాను.

పొద్దున్నే వచ్చి చూసింది:
బాల్కనీ అవతల ఖాళీ తాడు,
పొయ్యి పక్కన ఆవిరి కక్కుతున్న బట్ట.
చెవులు మళ్లీ ఆ రంగే.
ఆ ఎరుపు ఏ రాత్రిదో,
నిన్నటిదో, ముప్ఫై ఏళ్ల కిందటిదో
నేనడగలేదు.
"టీ చల్లారిపోతోంది" అన్నాను.