మెట్లు

పాల కంపెనీలో జమాఖర్చులు రాసే చెయ్యి ఇది,
గళ్ల కాగితం లేనిదే ఏదీ తేల్చుకోలేదు.
నిలువుగా మూడు నర్సింగ్ హోముల పేర్లు,
అడ్డంగా నేను అడగాల్సినవి:
వాకిట్లో మెట్లెన్ని?
రాత్రిపూట ఎంతమందికి ఒక మనిషి?
పక్క తడిస్తే ఎంతసేపట్లో మారుస్తారు?
ఈ చివరిది అడగడానికి
రెండు చోట్ల నాకు గొంతు పెగల్లేదు.

ఫిబ్రవరి. ఎమాయిగి నది గడ్డకట్టి ఉంది.
టార్టు సిటీ బస్సులో నా పక్కన ఎండెల్
కోటు గుండీలు విప్పుతూ, పెడుతూ, మళ్లీ విప్పుతూ.
నా ఏడో ఏట అమ్మ వెనకాలే
జేబులో శృతిదండంతో మా ఇంట్లోకి వచ్చిన మనిషి.
నాన్నా అని నేను పిలవలేదు,
పిలవమని ఆయన అడగనూ లేదు.

మొదటిది కొత్త కట్టడం. అంతా గాజు.
మెట్లు లేవు, చక్రాల కుర్చీ నీళ్లలా జారిపోతుంది.
మేనేజరమ్మ నవ్వు కూడా ఇస్త్రీ చేసినట్టుంది.
హాల్లో నల్లటి పియానో
తనని తనే వాయించుకుంటోంది.
మెట్లు దిగుతున్నాయి, లేస్తున్నాయి,
కనపడని వేళ్ల కింద.
ఎండెల్ దాన్ని చూసి నా వెనక్కి నక్కాడు.
పట్టికలో మాత్రం అన్నీ తొమ్మిదులూ పదులూ,
ఖర్చు గడిలో నా జీతమంతా, పైన ఇంకొంత.

రెండోది చర్చి వాళ్లది. శుభ్రం, మెత్తటి మాటలు.
సాయంత్రం ఆరింటికే అందరినీ పడుకోబెడతారట.
ఎందుకంటే, "అలవాటండీ" అంది నర్సు.
ఎవరి అలవాటో చెప్పలేదు.

మూడోది ఊరి చివర, ఒకప్పటి బడి.
ఐదు మెట్లు, మంచు మీద బూడిద చల్లారు.
లోపల ఉడికిన క్యాబేజీ వాసన,
దాని అడుగున ఇంకో వాసన.
ఆయ్లి అనే పిల్ల చేతులు తుడుచుకుంటూ వచ్చి,
"రాత్రిళ్లు ముగ్గురని చెప్పమన్నారు,
ముప్పై ఒక్కమందికి ఇద్దరమే" అంది.
అప్పుడు అడగ్గలిగాను, ఆ పక్కబట్టల సంగతి.
"నేనుంటే పది నిమిషాలు. లేకపోతే,
తెల్లారాల్సిందే."
ఈ జవాబుకి ఎన్ని మార్కులో
నా ఇరవై ఆరేళ్ల లెక్కలకు అందలేదు.

తలతిప్పి చూస్తే ఎండెల్ లేడు.
వంటగది, బాత్‌రూము, వాకిట్లో మంచు,
నా కాళ్లు నాకంటే ముందు పరిగెత్తాయి.
భోజనాల గదిలో ఉన్నాడు.
పాత గోధుమరంగు పియానో మీది పూలకుండీ
జాగ్రత్తగా కిందకి దించి,
ఒకే మెట్టుని నొక్కుతున్నాడు.
టక్. టక్. చెక్క చప్పుడే తప్ప స్వరం లేదు.
"పలకనివ్వకు బాబూ," అంది బల్ల దగ్గరి ముసలామె,
"పలికిందంటే లైడా రోజంతా అదే పాట."
ఆయన మూత ఎత్తి తల లోపలికి పెట్టాడు.
"ఫెల్టుని పురుగు తినేసింది," అన్నాడు,
"రేపు పెట్టె తెస్తాను."

ఆరు నెలల్లో ఆయన పూర్తిచేసిన మొదటి మాట.
ఆ పెట్టెని ఆకులు రాలే కాలంలో
నలభై యూరోలకి అమ్మేసింది నేనే.

రాత్రి. పట్టిక ముందు నేను.
ముప్పై ఒకటిని ఇద్దరికి పంచితే ఒకరు మిగులుతారు.
ఎండెల్‌తో ముప్పై రెండు, సరిగ్గా సగం సగం.
ఎవరూ మిగలరు, కాగితం మీద.
దరఖాస్తులో "మీకేమవుతారు?" అని ఒక గడి.
అమ్మ పోయి పదకొండేళ్లు.
పెన్ను అక్కడే ఆగింది, సిరా ఊరింది.

దాన్ని వదిలేసి ఫోను తీశాను.
"ఏ పెట్టె?" అన్నాడు సంగీతం చదివే కుర్రాడు నిద్రమత్తులో.
చెప్పడం మొదలెట్టాను:
తోలు పెట్టె, ఎడమ తాళం పడదు,
మూత లోపల చూడు, మైనం రంగుతో
ఏడేళ్ల పిల్ల గీసిన మూడు కాళ్ల పిల్లి,
ఎవరూ తుడవలేదు దాన్ని.