పదకొండున్నర కిలోలు

ఎండాడలో ఇల్లు కొన్నప్పుడు
కొలను మేం అడగలేదు.
ముందటి ఓనరు ముచ్చటపడి కట్టించుకున్నాడు,
నీలం పలకలు, మూడు మెట్లు, అయిదడుగుల లోతు.
రిజిస్ట్రేషను కాగితంలో దాని గురించి ఒక్క వాక్యం లేదు.
మా మిహిరకి రెండేళ్ల నాలుగు నెలలు.

డాబాగార్డెన్స్ షాపులో కుర్రాడు
గాజు బల్ల మీద అలారాలు పరిచాడు,
వెండి పట్టీలు చూపించినంత మర్యాదగా.
"ఇది నీళ్ల మీద తేలుతుంది మేడమ్, అల తగిలితే అరుస్తుంది.
ఇది గేటుకి. ఇది పాప చేతికి, తడిస్తే మోగుతుంది."
తడవకముందు మోగేది లేదా, అన్నాను.
అతను నా మొహం కేసి చూడకుండా
కేటలాగు తిరగేశాడు.

తేలేదాన్నే తెచ్చాం, చవక కాబట్టి.
విశాఖ గాలి సంగతి దాన్ని చేసినవాళ్లకి తెలీదు.
సాయంత్రం రుషికొండ వైపు నుంచి గాలి లేచిందంటే
కొలనుకి ఒళ్లంతా జలదరింపు,
దీనికి పూనకం.
కొబ్బరి మట్ట పడితే అరిచింది.
కాకి స్నానానికి దిగితే అరిచింది.
రాత్రి రెండింటికి, ఏమీ పడకుండానే, అరిచింది.
పక్కింటి నేవీ కమాండరు గారు
లుంగీతోనే గోడ దగ్గరికొచ్చి నిలబడ్డారు.
నాలుగో రాత్రి మా ఆయన లేచి బ్యాటరీ పీకేశాడు.
నేను నిద్ర నటిస్తూ
సంతోషించాను.
ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

చేతి పట్టీ మిహిర ఒక్క పూట పెట్టుకుంది.
తర్వాత దాన్ని బొమ్మ ఏనుగు తొండానికి తొడిగి
బకెట్లో ముంచి, మోగినప్పుడల్లా
చప్పట్లు కొట్టింది.

నూకరత్నం ఇదంతా గిన్నెలు తోముతూ చూస్తూనే ఉంది.
జాలరిపేట మనిషి. నాన్నా, ఇద్దరన్నలూ వేటకెళ్లేవాళ్లు.
"సంద్రం మా ఇంట్లో ఎవుర్నీ తీసుకుపోనేదమ్మా," అంది ఒకరోజు.
"మా తమ్ముడు సిమెంటు తొట్లో పోనాడు.
మోకాలి లోతు నీల్లు.
నాను ఇంత దూరంలో సేపలు ఎండబెడతన్నాను.
సప్పుడే రానేదు."
అనేసి కుళాయి తిప్పింది.
గిన్నెల మీద నీళ్లు చాలాసేపు పడ్డాయి.

మళ్లీ షాపుకి నేనొక్కదాన్నే వెళ్లాను.
గోడకి బిగించేది ఒకటుంది,
నీటి అడుగున చెవి పెట్టుకుని వింటుందట.
నా నెల జీతంలో సగం.
పిల్ల బరువంత బరువుతో పరీక్షించుకోండి, అని దాని పుస్తకం.
కిరాణా కొట్టు కాటా మీద మిహిరని కూర్చోబెట్టాం.
పదకొండున్నర.
పూర్ణా మార్కెట్లో సరిగ్గా అంతే తూగే
బూడిద గుమ్మడికాయ దొరికింది.
ఇంటికి తేగానే మిహిర స్కెచ్ పెన్నుతో కళ్లు పెట్టింది,
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.
బుజ్జోడు అని పేరు కూడా.

ఆదివారం పొద్దున్న, గాలి లేని వేళ
మెట్టు మీంచి నెమ్మదిగా జార్చాను.
చిన్నపిల్లలు దూకరు మేడమ్, జారతారు, అన్నాడు షాపు కుర్రాడు.
ఒకటి, రెండు, మూడు, అని మా ఆయన లెక్క.
బుజ్జోడు తేలాడు,
కళ్లు ఆకాశం కేసి పెట్టి.
మేం నవ్వాం.
"పిల్లలు అలాగ తేలరమ్మా," అంది నూకరత్నం.
పదకొండు.
పన్నెండు.
పదిహేడు దగ్గర మోగింది.

అప్పట్నించీ అన్నీ అంకెల్లోనే నడుస్తున్నాయి నాకు.
కొరియరు వాడికి సంతకం పెట్టడం పదకొండు.
ఫోనులో "ఆఁ, చెప్పండి" అనేసరికి ఆరు.
జడకి రబ్బరు బ్యాండు వెతుక్కోవడం ఇరవై మూడు,
ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

దాన్నే ఉంచుకున్నాం. గేటుదీ పెట్టించాం.
చుట్టూ కంచె, నా భుజం ఎత్తున గొళ్లెం.
ఇన్నెందుకని మా ఆయన అడగలేదు.

గుమ్మడికాయ కోసి దప్పళం పెట్టమంటే
నూకరత్నం కత్తి పక్కన పెట్టేసింది.
"కల్లు పెట్టినాక కొయ్యకూడదు."
ఇప్పుడది పంపు గది గట్టు మీద ఉంది,
బూడిద రాలుతూ, ఒక కన్ను వానకి కారిపోయి.
మిహిర పొద్దున్నే కంచె ఇవతల నిలబడి
దానికి టాటా చెప్తుంది, నాలుగైదు సార్లు, గట్టిగా.
ఆ గొంతు కాస్త ఆలస్యమైతే
పొయ్యి మీద ఏమున్నా సరే,
గరిటె చేత్తోనే బయటికొచ్చేస్తాను.