నాలుగు గంటల శాంపిల్

పొద్దున ఎనిమిదింటికి ఒకసారి గుచ్చాను,
సాయంత్రం నాలుగింటికి మళ్లీ రమ్మన్నాను.
మధ్యలో ఇంటికి పోలేదు కముజు సూరన్న.
ల్యాబు మెట్ల మీదే కూర్చుని
అమలాపురం బస్సులు లెక్కపెట్టాడు.

లాకుల మీద లస్కరు. ముప్పయ్యేళ్ల నౌకరీ.
అరచేతుల నిండా ఇనప చక్రం తిప్పిన కాయలు.
పిడికిలి బిగించమంటే
తలుపు దించుతున్నట్టే బిగించాడు.

"ఇంతకీ ఏం వెతుకుతున్నారండి నా నెత్తుట్లో?"

నాకు తెలిసినంత చెప్పాను:
కనుబొమల వెనక, బాగా లోపల
బాదంగింజంత చోటొకటి ఉందని.
భయమేస్తే అది
కింద వేలాడే బఠాణీ గింజకి కబురు పెడుతుందని,
బఠాణీ నెత్తుట్లోకి ఓ చీటీ జారవిడిస్తే
మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న గ్రంథులు
కార్టిసాల్ వదులుతాయని.

"ఆయ్, ధవళేశ్వరంలో ఆర్డరు,
మా లాకు కాడ తలుపు,
శివారు చేలో నీళ్లు. అంతేగదండి?"
అంతే.
"మరి చేను నిండిందని పైకెవరు చెబుతారండి?"

ఇరవయ్యేళ్లుగా నెత్తురు లాగుతున్నాను.
ఈ మాట ఎవరూ అడగలేదు.

నీళ్లే చెబుతాయన్నాను.
కార్టిసాలే ఎదురు నడిచి వెళ్లి
బాదంగింజ తలుపు తట్టి
చాలు, కట్టెయ్ అంటుంది.
అది విన్నవాళ్లకి
నాలుగింటికల్లా సగానికి దిగుతుంది.

చాలాసేపు మాట్లాడలేదాయన.
"మూడో హెచ్చరిక నాటి రాత్రండి.
గట్టు మీద ఇసక బస్తాలు మోస్తున్నాం.
లాంతరు పట్టుకున్న కుర్రోడు, ధర్మయ్య కొడుకు,
కాలికింద గట్టుతో పాటే దిగిపోయాడు.
లాంతరు కాసేపు వెలిగిందండి, నీళ్ల మీద.
వరద తీసింది. గేజీ రాయి మీద బురదెండిపోయింది.
అయినా రోజూ రెండున్నరకి మెలకువొస్తది.
టార్చీ వేసుకెళ్లి చూస్తాను.
నీళ్లు ఎక్కడో అడుగునుంటాయి.
చూసొచ్చి పడుకుంటాను.
మర్నాడు మళ్లీ రెండున్నరే."

ఆరింటికి రిపోర్టు చేతికొచ్చింది.
పొద్దుటి అంకె పక్కన
ఇంచుమించు పొద్దుటి అంకే.
చీటీ పైకి వెళ్లే ఉంటుంది,
చదవాల్సినవాడే
ఇంకా ఆ గట్టు మీద నిలబడి ఉన్నాడు.
అది రాయడానికి మా కాగితంలో గడి లేదు.
డాక్టరుగారికి చూపించండి అన్నాను.

మోచెయ్యి ఇంకా మడిచే ఉంచాడు, మడతలో దూది.
రెండు గంటలైంది.
నెత్తురెప్పుడో ఆగింది, చెయ్యి చాపొచ్చు అన్నాను.

"ఆయ్" అన్నాడు.
చాపలేదు.