లోపలి వైపు గడియ

ఆటోనగర్లో ఇరవై రెండేళ్లుగా నేను చేసేది ఒకటే పని:
చువ్వకీ చువ్వకీ మధ్య
మనిషి తల పట్టకుండా చూడటం.
నాలుగంగుళాలు.
దొంగ చెయ్యి పెడతాడు, భుజం పెట్టలేడు.
ఈ లెక్క నేర్పిన బుడేసాబు మేస్త్రి
గ్రిల్లు బిగించాక రెండు చేతుల్తో పట్టుకు వేలాడి
"ఇక జన్మకి ఊడదు" అనేవాడు, దీవించినట్టు.

మొన్న పటమటలో ఒకరింట్లో
చార్జింగులో ఉన్న బ్యాటరీ బండి
మెట్ల కింద అంటుకుంది.
పై గదిలో ముగ్గురు.
బతికారు.
పక్కవాళ్లు గునపాలతో, గోడతో సహా
గ్రిల్లు పెరికేసరికి పావుగంట.
"ఎవడు చేశాడో గానీ గట్టిగా చేశాడు" అన్నారెవరో.
పొగడ్తో, తిట్టో.
చేసినవాణ్ణి టీ గ్లాసుతో అక్కడే నిలబడి ఉన్నాను.

ఆ రాత్రి క్రీస్తురాజపురం కొండ మీద
మా ఇంటి మెట్లు మొదటిసారి లెక్కపెట్టాను.
పదకొండు, మలుపు, మళ్లీ ఏడు.
వాటి కింద మా బండి కూడా
ప్లగ్గు నోట్లో పెట్టుకుని
పాలు తాగే చంటిదానిలా నిద్రపోతోంది.
పై రెండు గదులకీ దారి అదొక్కటే.
మిగతావన్నీ నేను మూసినవే.

కెజియా లెక్కల పుస్తకం వెనకట్ట మీద ఇల్లు గీసింది.
అమ్మమ్మ మంచం గీసి, పక్కన చేతికర్ర కూడా గీసింది.
"మంట మెట్ల దగ్గరుంటే, నాన్నా?"
కిటికీ.
"కిటికీకి నువ్వున్నావుగా."
గ్రిల్లు అనలేదు. నువ్వు అంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే కట్టర్ పెట్టాను.
నా చేత్తో వేసిన అతుకులు పదహారు.
ఒక్కొక్కటీ తెగనంటుంటే
కోపంలో కొంచెం గర్వం కూడా.
రవ్వలు పరుపు మీద పడతాయని
సువార్త తడి గోనె పట్టుకుని నిలబడింది.
కబ్జాలు వేశాను.
గడియ లోపలి వైపు, ఆషేరు చెయ్యి అందే ఎత్తులో.
తాళం వద్దన్నాను.
"దొంగొస్తేనో?" అంది మా అత్త,
బీరువా వైపు చూడకుండా.
వస్తే రానీ. మనం పోగలగాలి కదా.

కిటికీ కింద సన్‌షేడ్. తర్వాత రెండడుగుల ఖాళీ.
ఆ పైన నాగూర్‌బీ డాబా.
కొండ ఇళ్లంతే, మా మేడ ఎత్తుకి వాళ్ల డాబా,
వాళ్ల డాబా ఎత్తుకి ఇంకెవరి గడపో.
తూము నీళ్ల గొడవతో మూడేళ్లుగా మాటల్లేవు.
పిట్టగోడ మీద గాజుపెంకులు.
ఆ సిమెంటు కలిపిచ్చింది నేనే,
అప్పటికింకా మాట్లాడుకునేవాళ్లం.

సువార్త వెళ్లింది. గంటసేపు రాలేదు.
వచ్చి, "మంచం వెడల్పున పగలగొట్టుకోమంది" అంది.
చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ,
"వాళ్ల పిల్లలు మన వైపు దూకొచ్చా అని అడిగింది."
ఖాళీ మీద గళ్ల రేకు వేసి
రెండిళ్లకీ కలిపి వెల్డింగు చేశాను.

రాత్రి తొమ్మిదింటికి మెయిన్ ఆపేశాను.
ముక్కులకి తడి తువ్వాళ్లు, మోకాళ్ల మీద పాకుడు.
తలుపు వేడి చూడాల్సింది అరచేత్తో కాదు,
చేతి వెనక వైపుతో, అని చెప్పి చూపించాను చీకట్లో,
ఎవరికీ కనపడలేదు.
మా అత్త రేకు దాటడానికి నాలుగు నిమిషాలు,
అందులో రెండు ప్రార్థనకి.

కలుసుకోవాల్సిన చోటు
కింద యేసోబు ఇస్త్రీ బండి.
పెట్టెలో బొగ్గులింకా గోరువెచ్చగా ఉన్నాయి.
తలలు లెక్కపెట్టాను.
నాలుగు.
నేను సువార్త దగ్గరున్నాడనుకున్నాను.
సువార్త నా దగ్గర అనుకుంది.
పైన చీకట్లో ఆషేరు
ఒక కాలు మంచం బయటికి వేసి
హాయిగా నిద్రపోతున్నాడు.
ఎవరం మాట్లాడలేదు. నాగూర్‌బీ కూడా.

మళ్లీ మొదట్నుంచి చేశాం.
ఈసారి నా నడుముకి కట్టుకున్నాను వాణ్ణి.

పొద్దున్నే కానూరు నుంచి ఫోన్.
కొత్తిల్లు, మేడ మీద మూడు కిటికీలు,
"గట్టిగా ఉండాలి మేస్త్రీ."
అలాగేనండీ అన్నాను.
కొలతలు అడగబోయి
"పైన ఎంతమంది పడుకుంటారు?" అన్నాను.
అవతల కాసేపు మాట లేదు.
తర్వాత ఆయన, మెల్లిగా,
పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.