రెండు టైర్లు కనబడేంత దూరం

ముందు బండి వెనక టైర్లు
తారు రోడ్డును తాకే చోటు
నీ కళ్లకు కనబడాలి, అంత దూరంలో ఆగు
అనేవాడు మొఖెలె మాస్టారు.
క్లచ్ కంటే ముందు అద్దాలు నేర్పాడు.
మూడు వారాలు కారు కదపనివ్వలేదు.
ఆగి ఉన్న కారులో కూర్చోబెట్టి
వెనక ఎవరొచ్చారు, చొక్కా ఏ రంగు,
చేతులు జేబులో ఉన్నాయా బయటా అని
వల్లె వేయించేవాడు, ఎక్కాల్లా.

నవ్వుకునేదాన్ని.
పందొమ్మిదేళ్లు. అలెగ్జాండ్రాలో పుట్టి పెరిగినదాన్ని,
నాకు వీధి నేర్పేదేముంది అని.

మా జోహానెస్‌బర్గ్‌లో
సిగ్నల్ లైటును రోబో అంటాం.
పొద్దుపోయాక ఎర్ర రోబో దగ్గర
పూర్తిగా ఆగేవాళ్లు తక్కువ.
అల్లంత దూరం నుంచే వేగం తగ్గించి
పచ్చ పడేదాకా మెల్లగా జరుగుతుంటాం,
పడుకున్న కుక్క పక్కనుంచి నడిచినట్టు.

రోబో దగ్గర నాకేమీ కాలేదు.
అయింది ఇంటి గేటు దగ్గర.

గేటు పూర్తిగా తెరుచుకునేదాకా వీధిలోనే ఉండు,
బండి ముక్కు లోపలికి పెట్టకు, ఇంజను ఆపకు.
ఇదీ చెప్పాడు.
ఆ మంగళవారం వాన.
ఆసుపత్రిలో పన్నెండు గంటల డ్యూటీ.
గేటు మోటారుది ముసలి నడక.
ముక్కు లోపలికి పెట్టాను.
అద్దంలోకి చూసేసరికి
వెనక తెల్ల కారు అడ్డంగా నిలబడి ఉంది,
ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు.

ఇద్దరు.
పెద్దవాడు మాట్లాడలేదు, తుపాకీ చూపించాడంతే.
చిన్నవాడి చెయ్యి నా చెయ్యి కంటే ఎక్కువ వణికింది.
రెండు చేతులూ స్టీరింగ్ మీద, వేళ్లు విప్పి.
మొహాలకేసి చూడలేదు.
ప్రతి పనీ చేసేముందు నోటితో చెప్పాను:
బెల్టు విప్పుతున్నాను.
తలుపు తీస్తున్నాను.
వెనక నా బిడ్డ ఉంది, తీసుకుంటున్నాను.
నా గొంతులోంచి మాస్టారు మాట్లాడుతున్నాడు.
బిడ్డ సీటు సరిగ్గా నా వెనకే బిగించమన్నదీ ఆయనే,
రెండడుగులు కూడా వేయక్కర్లేకుండా.

కారు పోయింది.
అందులో ఐదు కిలోల మొక్కజొన్న పిండి,
నా నర్సు బూట్లు,
పులానె ఎడమకాలి చెప్పు.
అది నిద్రలేవలేదు.
వానలో దాన్ని ఎత్తుకుని నిలబడి
తెరుచుకున్న గేటు మళ్లీ మూసుకోవడం చూశాను,
అదే ముసలి నడకతో.

ఇనుము మళ్లీ కొనుక్కోవచ్చు అన్నారంతా.
కొన్నాను, అప్పుచేసి, ఇంకా పాతది.

ఇక ఇదీ చెప్పాలి.
ఏడు నెలల తర్వాత, లూయిస్ బోథా రోడ్డులో,
పట్టపగలు, ఎర్ర రోబో.
ఓ కుర్రాడు నా అద్దం మీద దబదబా కొట్టాడు,
చేత్తో వెనక్కి చూపిస్తూ ఏదో అరిచాడు.
వెనక్కి చూడకూడదు. చూస్తే దిగుతావు, దిగితే పోతావు.
చూడలేదు. ముందు బండి టైర్లు కనబడుతున్నాయి,
ఆ ఖాళీలోంచి తిప్పుకుని ఎర్రలైటు దాటేశాను.
పెట్రోలు బంకులో, జనం మధ్య, ఆగి చూస్తే
వెనక తలుపు సందులోంచి
పులానె చలికోటు బయటికి వేలాడుతోంది,
ఒక చెయ్యంతా రోడ్డు మీద ఈడ్చుకుపోయి, చిరిగి.

మాస్టారికి ఫోన్ చేశాను.
తప్పు చేశానా అన్నాను.
చాలాసేపు దగ్గాడు. లేదన్నాడు.
కాసేపాగి, వాడూ చెయ్యలేదు అన్నాడు.

ఇప్పుడు ఆ రోబో దగ్గరి కుర్రాళ్లకు
అద్దం రెండు వేళ్ల సందు దింపి
కె ఆ లెబొహా, మేలు చేశావు, అంటాను,
ఎందుకో చెప్పకుండా.
రెండు వేళ్లే. మూడో వేలు పట్టేంత దింపను.

నిన్న సాయంత్రం పులానె
వంటింటి గచ్చు మీద
ఖాళీ అగ్గిపెట్టెలతో కార్లాట ఆడుతోంది.
ఒకదాని వెనక ఒకటి వరుసగా పెట్టి,
మధ్యమధ్య బెత్తెడు ఖాళీ వదిలి,
చెంప నేలకానించి, ఒంటి కన్ను మూసి
కొలుస్తోంది.
అగ్గిపెట్టెలకు టైర్లు లేవు.