చేపల రేవు కెఫేలో, కెజియాతో

ఆ కిటికీ పక్కన వద్దు, ఇటు కూర్చో.
గ్రిమ్స్‌బీ గాలికి పళ్లుంటాయి.

పుస్తకానికి పేరు పెట్టేశానన్నావు.
ఆలు లేదు చూలు లేదు, సోమలింగం మాత్రం సిద్ధం.
పోనీలే, నేనూ అంతే,
నలుగురు సోమలింగాల్ని వరసగా కొట్టేశాకే
అయిదోవాడు అట్ట మీదికెక్కాడు.

ముందు ఒకటి చెప్పు.
వృద్ధాశ్రమంలో పదకొండేళ్ల రాత్రి డ్యూటీలు,
ఎవరు చదవాలని?
అందరూ అనకు.
తల్లిని మీ దగ్గర దింపి, బయట కార్లో కూర్చుని
తాళం తిప్పలేకపోయిందన్నావే ఒకావిడ,
ఆవిడకి రాయి.

అంతా రాశాక పంపుదామని ఆగకు.
నవలైతే మొత్తం అడుగుతారు.
మనలాంటివాటికి రెండు అధ్యాయాలు,
మిగతావాటికి తలా ఒక పేరా,
ఎవరు కొంటారు, నువ్వే ఎందుకు రాయాలి,
ఇరవై పేజీలకి మించదు.
ఆ "నువ్వే ఎందుకు" దగ్గర మాత్రం వినయం పనికిరాదు.
నేనక్కడ "నా చిన్ని ప్రయత్నం" అని రాశాను.
ఏజెంటు మూడు రోజుల్లో తిప్పి పంపింది.

పద్నాలుగు మంది వద్దన్నారు నన్ను.
పదముగ్గురివి అచ్చుగుద్దిన ఉత్తరాలు.
ఒక్కాయన మాత్రం పెన్సిల్‌తో
"మీ పుస్తకం మూడో అధ్యాయంలో మొదలవుతోంది" అన్నాడు.
నలభై పేజీలు పీకేశాను.
ఏడ్చాను కూడా, అబద్ధమెందుకు.

నీ దగ్గర డబ్బడిగేవాడు ప్రింటరు, పబ్లిషరు కాదు.
ఇది రాసుకో.
కాంట్రాక్టు సంతకానికి ముందు రచయితల సంఘానికి చూపించు.
పాత ఫోటోలకి అనుమతీ, దాని ఖర్చూ
నీ నెత్తినే పడతాయి, ముందే అడుగు.

ఆశ్రమంలో వాళ్ల పేర్లు మార్చానన్నావు.
పేరొక్కటే మారిస్తే ఏం లాభం?
ఆ గాజుకన్ను, బూతులు తిట్టే చిలక,
పడవ నడిపే కొడుకు అలాగే ఉన్నాయి.
ఊరు చిన్నది, చిలకని పట్టేస్తారు.

మళ్లీ మళ్లీ సరిచూడు.
నార్మన్ బ్లాంచర్డ్ సంగతి చెప్పానా?
పొగ కొట్టాల్లో హాడక్ చేపలు వేలాడదీసేవాడు,
నా పుస్తకానికి సగం ప్రాణం ఆయన మాటలే.
ఎవరో పోయాడన్నారు, నేను నమ్మాను,
"కీర్తిశేషులు" అని అచ్చేయించాను.
లైబ్రరీలో ఆవిష్కరణ రోజు
వరసలో నిలబడి, నూట పన్నెండో పేజీ తెరిచి
నా ముందు పెట్టాడు. కోటు నిండా పొగ వాసన.
"రెండో ముద్రణ దాకా పోయే ఉంటాలే,
సంతకం పెట్టమ్మా."

రెండో ముద్రణ ఆరేళ్లకి వచ్చింది.
ఆ ఒక్క మాట తీయించాను.
అప్పటికి అది నిజమైపోయింది.

అందుకే నోట్సులో తేదీ వెయ్యి,
ఎవరు చెప్పారో రాయి,
బతికున్నవాళ్లకి ఫోన్ చెయ్యి.

డ్యూటీ ఎన్నింటికి? ఎనిమిదికా?
అయితే నలభై నిమిషాలుంది.
కార్లో ఆవిడ, తాళంచెవి ఏ చేతిలో ఉంది?
వైపర్లు ఆడుతున్నాయా, ఆగిపోయాయా?
అక్కణ్ణించి మొదలెట్టు.
నేను వెళ్లి టీ చెప్పొస్తా.